చందమామను మీటరు స్కేలుతో కొలిచిన నెల: ప్రాజెక్టు డైరీ

సూపర్‌మూన్ (భూమికి బాగా దగ్గరికొచ్చినప్పటి పౌర్ణమి చంద్రుడు) అని ఫోన్లో ఫార్వర్డ్ వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఒకటే వాదన. అక్క డాబా ఎక్కి "అబ్బ, ఎంత పెద్దగా ఉన్నాడో చూడు" అంటుంది, నాకేమో రోజూ కనిపించే చంద్రుడే కనిపిస్తాడు, ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళం ఉంటాం. ఈసారి వాదన మానేసి కొలుద్దాం అనుకున్నా. టెలిస్కోపు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఒక మీటరు స్కేలు, ఒక అట్టముక్క, పంచింగ్ మెషిన్, పాత కెమెరా ట్రైపాడ్, 10×50 బైనాక్యులర్, అంతే. ఏడో తరగతి చదివే మేనకోడలు అసిస్టెంటు, తనని నేను పెట్టుకోలేదు, తనే చేరింది.

రాత్రుల లెక్క అమావాస్య నుంచి వేశాను. తేదీల కంటే ఇదే తేలిక, ఏ రాత్రి అనగానే చంద్రుడు ఏ ఆకారంలో ఉంటాడో తెలిసిపోతుంది.

అమావాస్య. పని బల్ల మీదే

చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు, సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. భాగిస్తే సుమారు 110 వస్తుంది. అంటే ఏ గుండ్రటి వస్తువునైనా దాని వ్యాసానికి 110 రెట్ల దూరంలో పట్టుకుంటే చంద్రుణ్ణి సరిగ్గా కప్పేస్తుంది. పంచింగ్ మెషిన్ చేసే రంధ్రం 6 మిల్లీమీటర్లు (వెర్నియర్ కాలిపర్ పెట్టి చూశాను, 6.0 వచ్చింది). 110తో గుణిస్తే 66 సెంటీమీటర్లు, మీటరు స్కేలులో హాయిగా పడుతుంది.

అట్టకి రంధ్రం చేసి, కింద స్కేలు దూరేంత గాటు పెట్టి, ముందుకీ వెనక్కీ జరిగేలా అమర్చాను. స్కేలు ఒక కొన కంటి దగ్గర. చంద్రుడు రంధ్రంలో అంచుకి అంచు సరిపోయేదాకా అట్టను జరపడం, ఆగిన చోట అంకె చూసుకోవడం. చంద్రుడు దగ్గరకొస్తే పెద్దగా కనిపిస్తాడు కాబట్టి అట్ట కంటివైపు రావాలి, దూరం పోతే అట్టా దూరం పోవాలి. అన్నిటికంటే దగ్గరికి వచ్చినప్పుడు అంటే పెరిజీలో సుమారు 3,56,500, దూరం పోయినప్పుడు అంటే అపోజీలో సుమారు 4,06,700. స్కేలు మీదికి మారిస్తే ఆ రెండు కొసల మధ్య తేడా దాదాపు 8.7 సెంటీమీటర్లు. ఇంత తేడా అయితే దొరక్కపోదులే అని ధీమా.

3వ రాత్రి. మొత్తం పాడు

పడమట సన్నటి నెలవంక. మొదటి సందేహం అసిస్టెంటుది: "మామయ్యా, ముక్కే కనిపిస్తుంటే మొత్తం ఎలా కొలుస్తాం?" మంచి ప్రశ్నే. గోళం మీద ఒకవైపు నుంచి వెలుగు పడితే రెండు కొమ్ముల కొసలూ ఎప్పుడూ వ్యాసానికి రెండు చివర్లలోనే ఉంటాయి, కాబట్టి కొమ్ము నుంచి కొమ్ముకి కొలిస్తే ఏ తిథినాడైనా పూర్తి సైజు వచ్చేస్తుంది. పైగా విదియ తదియల్లో మిగతా భాగం కూడా బూడిద రంగులో కనిపిస్తూనే ఉంటుంది. ఆ బూడిద వెలుగు మన భూమిదే: సూర్యకాంతి మన మేఘాల మీదా సముద్రాల మీదా పడి, చంద్రుడి మీదికి వెళ్ళి, తిరిగి మన కంట్లోకి వస్తుంది. 16వ శతాబ్దం మొదట్లోనే లియొనార్డో డావిన్సీ తన నోటు పుస్తకంలో ఈ సంగతి రాసుకున్నాడు. మనకి అక్కడ నెలవంక అయినప్పుడు అక్కడివాళ్ళకి ఇక్కడ దాదాపు నిండు భూమి, అదీ మన చంద్రుడి కంటే వెడల్పులో మూడున్నర రెట్లు పైన.

ఇక కొలత సంగతి. నాకు వరసగా 64, 71, 77, 69. అసిస్టెంటుకి 80. ఒకే రాత్రి, ఒకే చంద్రుడు, 16 సెంటీమీటర్ల తేడా! నేను పట్టుకుందామనుకున్న తేడాకి ఇది దాదాపు రెట్టింపు. రంధ్రం అంచు మసగ్గా, మెత్తగా కనిపిస్తోంది, చంద్రుడు ఎక్కడ అంచుని తాకాడో తేల్చుకునే వీల్లేదు. అట్ట పక్కన పడేసి బైనాక్యులర్‌తో ఊరికే చూస్తూ కూర్చున్నాం.

4వ రాత్రి. మబ్బు

మబ్బు పట్టడమే మంచిదైంది, కూర్చుని ఆలోచించే టైము దొరికింది. చీకట్లో కంటిపాప 5-6 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. నా రంధ్రం కూడా అంతే! అంటే కంటిపాప పై అంచు నుంచి చూస్తే ఒక కొలత, కింది అంచు నుంచి చూస్తే ఇంకో కొలత, రెండూ కలిసిపోయి మసక. దీనికి తోడు ఇంకో తెలివితక్కువ పని: స్కేలు కొనను బుగ్గకి ఆనించి పెట్టాను, కన్నేమో దానికి రెండు సెంటీమీటర్లు వెనకాల ఉంది, ఒక్కోసారి ఒక్కోలా.

రెండింటికీ కలిపి ఒకటే మందు. స్కేలు సున్నా దగ్గర ఇంకో అట్ట నిలబెట్టి దానికి గుండుసూదితో సుమారు 1 మిల్లీమీటరు బెజ్జం పెట్టాను. ఇప్పుడు చూపంతా ఆ ఒక్క చిన్న బెజ్జంలోంచే వెళ్ళాలి, కన్ను దాని వెనక ఎంత దూరంలో ఉన్నా పట్టింపు లేదు, సున్నా ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుంది. ఇంకోటి, పూర్తి చీకటి పడ్డాక కొలవకూడదు. సంజెవేళో, తెల్లవారేముందో అయితే అట్ట అంచు కూడా కనిపిస్తుంది, చంద్రుడు కళ్ళలో గుచ్చుకోడు.

5వ రాత్రి

68.6, 69.2, 68.9, 69.1, 68.7. కేకేశాను, పక్క డాబా వాళ్ళు తొంగిచూశారు. సగటు 68.9, దూరంలోకి మారిస్తే సుమారు 3,99,000 కిలోమీటర్లు. ఒక్కో రీడింగు 3 మిల్లీమీటర్ల దాకా అటూ ఇటూ పోతోంది, అంటే అక్కడ 1,700 కిలోమీటర్ల తప్పు. స్కేలూ అట్టాతో ఇంతకంటే ఆశపడకూడదు.

పోల్చుకోడానికి రాస్తున్నా: అపోలో 11, 14, 15 వాళ్ళు పెట్టివచ్చిన అద్దాలూ, సోవియట్ లూనోఖోద్ బండ్లు రెండింటి మీది అద్దాలూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. భూమి నుంచి లేజర్ కొడితే సుమారు రెండున్నర సెకన్లలో వెలుగు తిరిగొస్తుంది, ఆ టైముని బట్టి దూరాన్ని మిల్లీమీటర్ల లెక్కన తేలుస్తారు. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని కచ్చితంగా చెప్పగలుగుతున్నది వీటివల్లే. మన చంద్రయాన్-3 విక్రమ్ మీద కూడా అరచేతిలో పట్టే అలాంటి చిన్న అద్దాల గుత్తి ఒకటి ఉంది, 2023 డిసెంబరులో నాసా ఎల్ఆర్ఓ నౌక చంద్రుడి చుట్టూ తిరుగుతూ దాని మీదికి లేజర్ వేసి తిరిగొచ్చిన వెలుగుని పట్టుకుంది.

8వ రాత్రి. అర్ధచంద్రుడు

66.9. సుమారు 3,87,000. తగ్గుతోంది!

ఈ రాత్రి పక్కపని ఒకటి పెట్టుకున్నా. బాగా చీకటిపడ్డాక డాబా లైట్లన్నీ ఆపించి, తెల్లకాగితం నేల మీద పరిచి, ఫోన్ కెమెరాలో ఐఎస్ఓ (వెలుగుని ఎంత సున్నితంగా పట్టుకోవాలో చెప్పే అంకె) కదలకుండా పెట్టి ఫొటోలు తీశాను. కాగితం సరిపడా తెల్లగా రావడానికి 30 సెకన్లు పట్టింది. పౌర్ణమి నాడు ఇదే ఫొటో మళ్ళీ తీయాలి. సగం చంద్రుడు కాబట్టి అప్పుడు 15 సెకన్లు చాలని అసిస్టెంటు పందెం. నేను నోరు మూసుకున్నా.

బైనాక్యులర్‌లో కుడివైపు మారే క్రైసియం, కోడిగుడ్డు ఆకారపు నల్లమచ్చ, బాగా అంచుకి ఆనుకుని ఉంది. దానికీ అంచుకీ మధ్య సన్నటి తెల్లగీత మాత్రమే మిగిలింది. పెన్సిల్‌తో బొమ్మ వేసుకున్నా, ఎందుకు వేశానో 17వ రాత్రి దగ్గర చెప్తా. వెలుగూ చీకటీ కలిసే గీత పొడుగునా గుంటలు భలే తేలి కనిపిస్తున్నాయి, కొన్నిచోట్ల చీకటివైపు విడిగా ఒక వెలుగు చుక్క. అది పర్వత శిఖరం, కింద ఇంకా తెల్లారలేదు, కొసకి మాత్రం ఎండ తగిలింది. 1609-10లో గెలీలియో సరిగ్గా ఇలాంటి చుక్కలు ఆ గీతకి ఎంత దూరంలో ఉన్నాయో చూసి కొండల ఎత్తు లెక్కగట్టాడు. నేనూ ప్రయత్నించాను, బైనాక్యులర్ పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే ఆ చుక్క గంతులేస్తోంది, వదిలేశా.

11వ రాత్రి

63.7. మూడు రోజుల్లో 3 సెంటీమీటర్లు. కంటికి మాత్రం ఏమీ తెలియట్లేదు, నిజం చెప్పాలంటే 5వ రాత్రి కంటే పెద్దగా ఉన్నాడని ఒట్టేసి చెప్పలేను.

చంద్రుడి పక్కనే ఒక చిన్న నక్షత్రం కనిపిస్తే అది సాయంత్రం ఎంత దగ్గర ఉందో, గంట తర్వాత ఎంత దూరమైందో చూశాం. ఈ గంటలో చంద్రుడు తన వెడల్పంత జరిగాడు. రోజుకి 13 డిగ్రీలు. 27 నక్షత్రాలకీ ఒక చుట్టు తిరిగి రావడానికి 27.3 రోజులు, కానీ ఈలోగా సూర్యుడు కూడా ముందుకి జరిగి ఉంటాడు కాబట్టి అతన్ని మళ్ళీ అందుకోడానికి 29.5 రోజులు. తిథి అంటే సూర్యుడి కంటే చంద్రుడు 12 డిగ్రీలు ముందుకెళ్ళడానికి పట్టే టైము, అందుకే 30 తిథులు. ఇంతవరకూ చిన్నప్పుడే విన్నా. తిథి ఒకసారి 20 గంటలకే అయిపోయి, ఇంకోసారి 26 గంటల దాకా ఎందుకు సాగుతుందో మాత్రం ఈ స్కేలు పట్టుకున్నాకే తలకెక్కింది. దగ్గరకొచ్చినప్పుడు చంద్రుడు వేగంగా పరిగెత్తుతాడు, రోజుకి 15 డిగ్రీల దాకా. దూరం పోయినప్పుడు నెమ్మదిస్తాడు, 12 కంటే కొంచెం తక్కువే. క్యాలెండర్లో ఒక తిథి మాయమైపోవడమూ, నా అట్ట వెనక్కి ముందుకి జరగడమూ, రెండింటికీ ఒకే కారణం.

15వ రాత్రి. పౌర్ణమి, పైగా పెరిజీ

దీనికోసమే ఇన్నాళ్ళూ. అక్కని కూడా పిలిచాను.

తూర్పున ఎర్రగా, బండెడు సైజులో లేచాడు. అక్క నావైపు చూసిన చూపు రాయలేను. నాకూ ఈసారి పెద్దగానే కనిపించాడు మరి! గబగబా అట్ట జరిపి పైనుంచి కిందికి కొలిస్తే 66. ఒక్క క్షణం గుండె ఆగింది, ఈ లెక్కన నాలుగు రోజుల కిందటి కంటే చిన్నగా ఉండాలి. మళ్ళీ కొలిచా, మళ్ళీ 66. అప్పుడు సరిగ్గా చూస్తే చంద్రుడు గుండ్రంగా లేడు, పైనా కిందా నొక్కేసినట్టున్నాడు. దిగంతం దగ్గర గాలి పొరలు వెలుగుని వంచుతాయి, కింది అంచుని ఎక్కువగా, పై అంచుని తక్కువగా పైకెత్తి చూపిస్తాయి, కాబట్టి నిలువు కొలత తగ్గుతుంది, అడ్డం కొలత మాత్రం మారదు. అడ్డంగా కొలిచాం: 62.3.

నాలుగు గంటల తర్వాత, నడినెత్తికి చేరువవుతున్నప్పుడు మళ్ళీ కొలిచాం. 61.8. చీకట్లో అట్ట అంచు కనబడదని అసిస్టెంటు టార్చి పట్టుకుంది.

లేచేటప్పుడు బండెడు కనిపించినవాడు పైకొచ్చాక చిన్నబోయినట్టుంటాడు, కొలతేమో ఉల్టాగా చెప్తోంది. పైనున్నప్పుడే ఒక వెంట్రుక పెద్ద. అది న్యాయమే, దిగంతంలో ఉన్నప్పుడు భూమి వ్యాసార్ధంలో చాలా భాగం అదనంగా దాటి చూడాలి, దానివల్ల ఒకటిన్నర శాతం వరకూ తేడా వస్తుంది. నా పరికరానికి అది తప్పులో కలిసిపోయేంత చిన్న తేడా, కాబట్టి గొప్పలు పోను, కానీ లేచేటప్పుడు పెద్దగా లేడన్నది మాత్రం ఖాయం. ఆ పెద్దరికమంతా మన బుర్రలోదే. ఎందుకు అలా అనిపిస్తుందనే దాని మీద శాస్త్రవేత్తలు ఈనాటికీ ఒక మాట మీదికి రాలేదు. వెనక్కి తిరిగి, వంగి, కాళ్ళ మధ్యలోంచి తలకిందులుగా చూస్తే ఆ భ్రమ తగ్గుతుందంటారు. చూశాను. నిజంగానే మామూలు సైజుకి వచ్చేశాడు. పక్క డాబా వాళ్ళు మళ్ళీ తొంగిచూశారు.

అంటే సంగతేమిటంటే, లేని తేడాని (లేచేటప్పుడు పెద్ద) అందరం చూసేస్తున్నాం, ఉన్న తేడాని (5వ రాత్రికీ ఈ రాత్రికీ 7 సెంటీమీటర్లు!) ఎవరం చూడట్లేదు. పక్కపక్కన రెండు చంద్రుళ్ళు ఉంటే కదా పోల్చుకోడానికి. సూపర్‌మూన్ అనే మాట కూడా ఖగోళ శాస్త్రవేత్తలు పెట్టింది కాదు, 1979లో రిచర్డ్ నోల్ అనే జ్యోతిష్కుడు పుట్టించింది. దూరపు పౌర్ణమితో పోలిస్తే సూపర్‌మూన్ 14 శాతం పెద్దగా ఉండొచ్చన్న మాట నిజమే. నిరుటి దూరపు పౌర్ణమి ఎలా ఉందో ఎవరికి గుర్తుంటుంది?

కాగితం ఫొటో: 2 సెకన్లు. పందెం నేను గెలిచాను, అదీ మామూలుగా కాదు. 30కీ 2కీ పదిహేను రెట్లు. కొంత దగ్గరితనం వల్ల వచ్చినా, అసలు కారణం చంద్రుడి నేల. అదంతా గుంటలూ రాళ్ళూ నలిగిన దుమ్మూ, పక్కనుంచి ఎండ పడితే ప్రతి రేణువుకీ నీడ ఉంటుంది, పౌర్ణమి నాడు సూర్యుడు మన వెనకాల నుంచి కొడతాడు కాబట్టి నీడలన్నీ రాళ్ళ వెనక్కి దాక్కుంటాయి. అందుకే సగం చంద్రుడి వెలుగు పౌర్ణమిలో పదో వంతుకి అటూ ఇటూగానే ఉంటుంది. ఇంత తెల్లగా మెరిసేవాడి నేల తనమీద పడ్డ వెలుగులో నూటికి 12 వంతులే వెనక్కి పంపుతుంది, అరిగిపోయిన తారు రోడ్డు రంగు. చుట్టూ నల్లటి ఆకాశం ఉంది కాబట్టి సరిపోయింది.

17వ రాత్రి

వేకువన పడమట దొరికాడు, అట్టతో కొలిచేలోపు మబ్బు వచ్చింది, రీడింగు లేదు. బైనాక్యులర్‌కి మాత్రం రెండు నిమిషాలు చిక్కాడు.

మారే క్రైసియం చూశారా! 8వ రాత్రి అంచుని ఆనుకున్న మచ్చ ఇప్పుడు లోపలికి జరిగిపోయింది, అంచుకీ దానికీ మధ్య ఖాళీ బొమ్మలో ఉన్నదానికి రెండింతలు దాటింది. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడంటాం కానీ అది పూర్తిగా నిజం కాదు. తన చుట్టూ తాను తిరిగే వేగం మారదు, మన చుట్టూ తిరిగే వేగమేమో దూరాన్ని బట్టి మారుతుంది, రెండూ ఎప్పుడూ కాలు కలపలేవు కాబట్టి ముఖం కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగిసలాటలన్నీ కలిపి మొత్తం మీద 59 శాతం చూడగలుగుతాం.

మిగతా 41 శాతం 1959 అక్టోబరు దాకా ఎవరూ చూడలేదు, అప్పుడు సోవియట్ నౌక లూనా 3 మసక ఫొటోలు పంపింది. చూస్తే ఇటువైపున్నంత నల్లమచ్చలు అటు లేవు. నల్లమచ్చలంటే పాతకాలపు లావా గడ్డకట్టిన మైదానాలు, అటువైపు పైపొర మందం ఎక్కువ. "అటువైపు ఎప్పుడూ చీకటేనా మామయ్యా?" అంటే, దాన్ని కుర్చీ చుట్టూ ముఖం కుర్చీవైపే పెట్టుకుని తిరగమని, పక్కన టార్చి పట్టుకున్నా. సగం చుట్టు తిరిగేసరికి వీపు మీద వెలుగు పడింది. అమావాస్య నాడు అటువైపంతా నిండు పగలే.

19 నుంచి 26 దాకా

చంద్రోదయం రోజుకి సగటున 50 నిమిషాలు వెనక్కి పోతుంటే నిద్ర కూడా వెనక్కి పోయింది. 19: 63.4. 22: 66.6. మధ్యలో రెండు రోజులు అలారం మోగినా లేవలేదు. 26వ రాత్రి తెల్లవారుజామున తూర్పున సన్నటి వంక, కొమ్ము నుంచి కొమ్ముకి 69.4, కొసలు పలచబడి ఎక్కడ అంతమవుతున్నాయో సరిగ్గా తెలియలేదు కాబట్టి దీన్ని కొంచెం అనుమానంగానే చూస్తున్నా. తర్వాత సూర్యుడికి మరీ దగ్గరైపోయాడు, ఆపేశాం.

లెక్క

గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే గిన్నెలా చక్కగా దిగి ఎక్కింది. పెద్ద రీడింగు 69.4, చిన్నది 61.8. వాటి తేడాని మొత్తంతో భాగిస్తే 7.6 కి 131.2, అంటే 0.058. కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే అంకె ఇది, పుస్తకాల్లో సగటు 0.055. అసలు అపోజీ అమావాస్య దగ్గర పడటంతో నాకు చిక్కలేదు, దానికి తోడు కక్ష్య సాగుదల కూడా నెలనెలా కొంత మారుతుంది, కాబట్టి ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు ఉంది. ఒక సౌకర్యం ఏమిటంటే రంధ్రం 6.0 కాక 6.1 అయినా దూరాలు తప్పుతాయి కానీ ఈ నిష్పత్తి చెక్కుచెదరదు.

ఇంకో లెక్క కాగితం మీదే చేశా. సూర్యుణ్ణి దీంతో చూడకండి, కళ్ళు పోతాయి. సూర్యుడి దూరాన్ని వ్యాసంతో భాగిస్తే సగటున సుమారు 107.5, స్కేలు మీద 64.5. అంటే గ్రహణం రోజున చంద్రుడి రీడింగు 64.5 కంటే తక్కువైతే సూర్యుణ్ణి పూర్తిగా కప్పుతాడు, ఎక్కువైతే చుట్టూ కంకణం మిగులుతుంది. చంద్రుడి సగటు 66.4 కాబట్టి సంపూర్ణ గ్రహణాల కంటే కంకణ గ్రహణాలే కొంచెం ఎక్కువ రావాలి, నిజంగానే అలాగే వస్తున్నాయి. ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం పోతూ ఉంటే సుమారు 60 కోట్ల ఏళ్ళకి సంపూర్ణ సూర్యగ్రహణం అనేదే ఉండదు.

స్కేలు మీద 61.8 దగ్గర అసిస్టెంటు ఎర్ర స్కెచ్‌పెన్‌తో గీత పెట్టింది. ఏడు నెలల తర్వాత వచ్చే పౌర్ణమి అపోజీ దగ్గర పడుతుంది, అప్పుడు 70కి కాస్త అటూ ఇటూగా రావాలి. అక్కడ పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి స్కేలు తలుపు వెనక నిలబెట్టాం. అక్క మాత్రం స్కేలు పట్టుకోనంటోంది.